ఊడిన కుట్టు

ఏమిటే అమ్మడూ, ఫోను చూస్తూ చూస్తూ అలా మొహం పెట్టావు? ఏదీ, గట్టిగా చదువు, నాకీ మధ్య ఆ చిన్న అక్షరాలు ఆనడం లేదు. విమానం కూలిందా. యుద్ధవిమానమా. పొలాల్లోనా. ఊఁ, చదువు. పైలట్ చనిపోయాడు... ఆఁ... నిర్ణయం తీసుకోవడంలో పైలట్ ఆలస్యం చేసి ఉండొచ్చని... చాలు, ఆపు. ఆపమన్నానా. అది పడిందెప్పుడూ? పొద్దున్నేనా? ఇప్పుడు నాలుగైంది. అంటే మంట పూర్తిగా ఆరిందో లేదో గానీ తప్పెవరిదో మాత్రం తేలిపోయింది. పోయినవాడిది. వాడు లేచొచ్చి కాదనడు కదా, ఇంక హాయి. నేనెందుకు అరుస్తున్నానా? అరవడం లేదు, నా గొంతే అంత. సరే, అరుస్తున్నాను. ఆ ఫోను పక్కన పెట్టి ఇలా కూర్చో. మీ పెద్దనాయనమ్మ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సినవాణ్ణి నేనే, నేనే చెప్పలేదు.

పెద్దనాయనమ్మంటే మా అన్నయ్య భార్య, మా వదిన. నువ్వు పుట్టడానికి నాలుగేళ్ళ ముందే పోయింది. అన్నయ్య లారీ నడిపేవాడు. పెళ్ళైన ఆరేళ్ళకి జ్వరమొచ్చి వారం రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. ఇంక ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు. ముందు గదిలో మిషను పెట్టుకుని కూర్చుంది. మిషనంటే మీ అమ్మ దగ్గరున్నట్టు సన్నగా టకటకలాడేది కాదు. బరువు గుడ్డ కుట్టే ఇనప మిషను, నలుగురు పట్టి లోపలికి తెచ్చారు. ఆవిడ తొక్కడం మొదలుపెడితే గోడకున్న అద్దం వణికేది. లారీల మీద కప్పే టార్పాలిన్లు, సరుకు బిగించే పట్టీలు, బస్సు సీట్ల కవర్లు, ఇవీ ఆవిడ పని. అన్నయ్యతో తిరిగిన డ్రైవర్లందరూ ఆవిడ దగ్గరికే తెచ్చేవాళ్ళు. మధ్యలో తీరిక దొరికితే పిల్లలకి బడి సంచులు. ఊళ్ళో టార్పాలినమ్మ అనేవాళ్ళు. ముందు వెక్కిరింతగానే మొదలెట్టారు, పోనుపోను అదే పేరైపోయింది, పోస్టుమాన్ కూడా అలాగే పిలిచేవాడు. బళ్ళో మేష్టారొకాయన ఉండేవాడు, టార్పాలినమ్మ కుట్టిన సంచి అయితే పిల్లాడు చదువు మానేసినా సంచి మాత్రం బడి మానదు అనేవాడు.

ఆవిడకో జబ్బుండేది. ఎవరైనా ఎదురుగా నిలబడితే మొహం కన్నా ముందు వాళ్ళ బట్టల కుట్లు చూసేది. మా మామగారు, అదే మీ నాయనమ్మ వాళ్ళ నాన్న, పెళ్ళిమాటలకని మొదటిసారి మా ఇంటికొస్తే, ఆయన చంక దగ్గర కుట్టు విడిపోతోందని మొహమ్మీదే చెప్పేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వేసి చొక్కా విప్పి చేతికిచ్చేశాడు. ఆ బనీనుతోనే కూర్చుని పిల్లనిస్తానని మాటిచ్చాడు. అదీ వదిన. పని చేస్తూ చేస్తూ ఏదో ఒకటి చెప్తూనే ఉండేది. పట్టీ చివర మడిచి కుట్టేటప్పుడు ఒక్క వరస వేసి వదిలెయ్యకూడదు అబ్బాయీ అనేది. నాకు పెళ్ళై పిల్లాడు పుట్టినా అబ్బాయీ అనే పిలిచేది, ఆవిడ కాపురానికొచ్చేసరికి నేను నిక్కర్లేసుకుని తిరిగేవాణ్ణి కదా మరి. నాలుగు పక్కలా పెట్టెలా కుట్టాలట, మధ్యలో ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డంగా వెయ్యాలట, బరువు ఒక్క దారం మీద పడకుండా అన్నీ తలా కాస్త మొయ్యాలట. దారం సంగతి అయితే ఇంక చెప్పక్కర్లేదు. కొత్త ఉండ కొంటే ఒక మూర లాగి, వేళ్ళకి చుట్టి, చటుక్కున తెంపి చూసేది. ఎండా వానా తగిలి పాతబడ్డ దారం పైకి నిగనిగలాడుతూనే ఉంటుందట, లోపల పిండైపోతుందట. అలాంటిది అంటగట్టాడని తెలిస్తే కొట్టువాడి బల్ల మీద పడేసి వచ్చేది. వాడు నన్ను చూస్తే చాలు, మీ వదినగారు ఇటు వస్తున్నారా అని అడిగి, అవునంటే ఒక పెట్టె తీసి లోపల పెట్టేసుకునేవాడు. ఎక్కడికో పోతున్నాను. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆవిడకి తెలియని సంగతి ఏదో వాగిందని తరవాత అన్నారు. అందుకు.

అప్పట్లో కొండ అవతల విమానాల స్థావరం ఉండేది. ఇప్పుడు ఎత్తేశారనుకో. రోజూ పొద్దున్నా మధ్యాహ్నం రెండేసి మూడేసి నెత్తి మీంచి పోయేవి. మొదట్లో బయటికొచ్చి చూసేవాళ్ళం, తరవాత అలవాటైపోయింది, మాట్లాడుతున్నవాళ్ళం ఆపి, చప్పుడు పోయాక ఆ మాట దగ్గర్నుంచే అందుకునేవాళ్ళం. ఆ రోజు ఊరి చివర మొక్కజొన్న రైతుకి పెద్ద టార్పాలిన్ ఇవ్వాలి. గింజలు కళ్ళంలో పోసి ఉన్నాయి, మబ్బు పట్టేలా ఉంది. బరువు కదా, తోపుడు బండి మీద వేసి నేను తోసుకొచ్చాను, వదిన పక్కన నడిచింది. ఆఫీసులో అరపూట సెలవు పెట్టాను. నీళ్ళ సరఫరా ఆఫీసులో అప్పటికి నాలుగేళ్ళుగా టెంపరరీ నేను. మీ నాన్న అప్పుడు పాకుతున్నాడు. కళ్ళంలో టార్పాలిన్ పరుస్తున్నాం, రైతు ఒక కొస, నేనొక కొస, వదిన మధ్యలో నిలబడి ఇటు లాగండి అటు లాగండి అంటోంది. పైన విమానం వస్తున్న చప్పుడు. మామూలే. ఉన్నట్టుండి ఆ చప్పుడు సగంలో తెగిపోయింది. తలెత్తి చూస్తే తోక దగ్గర నల్లటి పొగ, ముక్కు కిందికి దిగుతోంది. ఊరి మీదికి వస్తున్నదల్లా పక్కకి తిరిగింది. తిరిగిందంటే తిప్పాడు. అది నేను చూశాను, రైతు చూశాడు. తిప్పి పొలాల వైపు పెట్టాక అందులోంచి ఏదో పైకి ఎగిరింది. మరుక్షణం తెల్లటి గొడుగు, అదే పారాచూట్, విచ్చుకుంది. ఎంత ఎత్తులోనో తెలుసా. మా ఆఫీసు వెనక నీళ్ళ ట్యాంకుంది చూడు, అలాంటివి అయిదారు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తులో. వదిన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ, హమ్మయ్య, విచ్చుకుంది అంది. అంటూనే ఉంది, గొడుగు ఒక పక్కకి ఒరిగిపోయింది. మేకు ఊడితే పరదా ఒక కొసకి వేలాడుతుంది చూడు, అలాగ. గాలి జారిపోయి ముడుచుకుపోయింది. మనిషి రాయిలా వచ్చేశాడు.

ఇంతలో విమానం అవతల పొలంలో పడి పేలింది. నేల అదిరింది. మేమందరం మంట దగ్గరికి పరిగెత్తాం. నేనూ, రైతూ, చుట్టుపక్కల పొలాల వాళ్ళూ, రోడ్డు మీద పోతున్నవాళ్ళూ, అందరూ. మంట దగ్గర ఏం చేస్తాం? ఏమీ చెయ్యలేం. చూస్తూ నిలబడ్డాం. వదిన ఒక్కతే తెల్లగుడ్డ వైపు పరిగెత్తింది. మళ్ళీ గాలి పోసుకుని ఆ గొడుగు, కిందపడ్డ మనిషిని దున్నిన చేలో గడ్డల మీంచి ఈడ్చుకుపోతోందట. ఆవిడ వెళ్ళి అతని మీదికి వంగి, భుజానున్న పని సంచిలోంచి టార్పాలిన్లు కోసే పెద్ద కత్తెర తీసి, కుడి భుజం మీద పట్టీ కోసేసింది. ఆ కత్తెర కాకపోతే ఆ పట్టీ తెగేది కాదు, మన వంటింటి కత్తులకి లొంగేది కాదు. అప్పుడు ఆగింది. ఎడమ పట్టీ కొయ్యక్కర్లేకపోయింది, అది పైనే ఊడిపోయింది. ఊడిన కొస మెడ కింద మెలిపడి ఊపిరి ఆడనివ్వడం లేదని, జానెడు ముక్క కత్తిరించి అవతల పడేసింది. పడేసిందనుకుంది, కంగారులో కత్తెరతో పాటు సంచిలో పెట్టేసుకుందని ఇంటికొచ్చాక తెలిసింది. తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు వదిన ఏదీ అని అప్పుడు గుర్తొచ్చింది. వెతుక్కుంటూ వెళ్ళేసరికి అతను ఇంకా బతికే ఉన్నాడు. ఇరవై నాలుగో ఇరవై అయిదో. మీసం సరిగా రాలేదు. ఎవరికైనా తగిలిందా అని అడిగాడు. ఎవ్వరికీ తగల్లేదు బాబూ, అటు అంతా ఖాళీ పొలమే అంది వదిన. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరవాత స్పష్టంగా, తడబడకుండా అన్నాడు, నేను విన్నాను, ఈ చెవులతో విన్నాను.

"నేను టైముకే బయటికొచ్చానండీ. గొడుగు విచ్చుకుంది. పట్టీ ఊడిపోయింది. మా నాన్నకి చెప్పండి."

అలాగే బాబూ, చెప్తాను అంది. ఇంక మాట్లాడలేదతను. వదిన మాత్రం మాట్లాడుతూనే ఉంది, అదిగో జీపులు వస్తున్నాయి, అదిగో డాక్టరు వస్తున్నాడు అని. జీపులు వచ్చేసరికి అయిపోయింది. వచ్చినవాళ్ళు ఆవిణ్ణి లెమ్మన్నారు. లేవబోతే కాళ్ళు తిమ్మిరెక్కిపోయి ఉన్నాయి, నేను చెయ్యిచ్చి లేపాను. పొలం చుట్టూ తాడు కట్టేశారు. ఇటు రావొద్దు, అది ముట్టుకోవద్దు, వెళ్ళిపోండి అన్నారు. మర్నాడు పేపర్లో ఏముందనుకున్నావ్? ఇప్పుడు నువ్వు చదివావే, అచ్చం అదే. ఆలస్యంగా దూకడం వల్ల అని. పేపరు చూసి వదిన అది పొరపాటున పడిందని అనుకుంది. ఎవరో తెలియక రాసుంటారు, మనం చెప్తే సరిచేస్తారు అంది. నిజంగానే అలా అనుకుంది. నేనూ అనుకున్నాననుకో.

విచారణకని నెల తరవాత వచ్చారు ముగ్గురు ఆఫీసర్లు. బళ్ళో డ్రాయింగు గది ఖాళీ చేయించి బల్లలు కలిపి కూర్చున్నారు. గోడల నిండా పిల్లలు వేసిన బొమ్మలు, ఇళ్ళూ, చేపలూ, అందులో ఒకటి విమానం కూడా ఉంది, పొగతో సహా. ఎవరో దాన్ని తీయించేశారు మధ్యలో. ఒక మూల టైపిస్టు. ముందు రైతుని పిలిచారు. ఆయన ఎత్తు సంగతి చెప్పబోతే, మీరు కొలిచారా అని అడిగారు. కొలుస్తాడా? లేదండీ అన్నాడు. అయితే తెలియదని రాయండి అన్నాడు పెద్దాఫీసరు టైపిస్టుతో. రైతు నోరు మూసుకుని వచ్చేశాడు. తరవాత వదిన. ఉతికిన బట్టలు కట్టుకుని, మిషను నూనె మరకలు పోయేదాకా చేతులు రుద్దుకుని వచ్చింది ఆ రోజు. ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొత్తం చెప్పింది. అతను అన్న మాటలు చెప్పింది. చెప్పి, అది లాగుడుకి తెగింది కాదండీ, కుట్టు ఊడింది, దారం కుళ్ళిపోయింది, సూది కన్నాలు గుండ్రంగా అలాగే ఉన్నాయి, పైగా ఒక్క వరసే ఉంది అంది. పెద్దాఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచివాడిలాగే మాట్లాడాడు, అదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది. కసిరినా బాగుండేది.

"మీరు కుట్టేవి బడి సంచులు కదమ్మా. ఇది విమానం."

"దేనికైనా కుట్టు కుట్టే కదండీ. పైగా అక్కడ మోసేది మనిషిని."

మిగతా ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. టైపిస్టు ఏది కొట్టాలో తెలియక చేతులు గాల్లో పెట్టుకుని కూర్చుంది. సరేనమ్మా అన్నాడాయన, ఆ మాటలు ఇంకెవరైనా విన్నారా. మా మరిది విన్నాడండీ అని నా వైపు చూపించింది. నన్ను లేవమన్నాడు. ఏం చేస్తుంటావు అన్నాడు. నీళ్ళ సరఫరా ఆఫీసులో అండీ, టెంపరరీగా అన్నాను. అలాగా, నాలుగేళ్ళైనా ఇంకా పర్మనెంటు చెయ్యలేదా అన్నాడు. అంతే. నాలుగేళ్ళని నేను చెప్పలేదు. ఆయనకెలా తెలుసు? బెదిరించలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు, ఆ ఒక్క ప్రశ్న అడిగి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఏమన్నానో చెప్పనా? నేను దూరంగా ఉన్నానండీ, నాకేమీ వినపడలేదు అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మా వదిన ఆ రోజు నుంచి సరిగా లేరండీ, ఒళ్ళో ప్రాణం పోయింది కదా, ఏదేదో మాట్లాడుతున్నారు, మీరేమీ అనుకోవద్దు అన్నాను. ఆవిణ్ణి కాపాడుతున్నాననుకున్నానో, ఏమనుకున్నానో. ఛీ. ఇదిగో, ఈ నోటితోనే. టైపిస్టుకి ఆ మాట కొట్టడానికి మాత్రం ఎక్కడా ఆగాల్సిన పని లేకపోయింది.

వదిన నా వైపు చూసింది. కోపంగా కాదు. దారం తెంపి చూసేటప్పుడు చూస్తుందే, అలా చూసింది. ఆ జానెడు ముక్క చూపిద్దామని అప్పటికే సంచిలో చెయ్యి పెట్టి ఉంది. చెయ్యి బయటికి తీసి, సంచి మూసేసి, నమస్కారం పెట్టి లేచొచ్చేసింది. ఇంటికొచ్చి మీ నాయనమ్మ చేతిలోంచి మీ నాన్నని తీసుకుని ఆడించింది. నాకోసం ఒక చొక్కా గుడ్డ కత్తిరించి పెట్టి ఉంది, కొలతలు తీసుకుని చేతులు వేరే, మెడ వేరే అన్నీ అంతకుముందే కోసి ఉంచింది. ఆ ముక్కలన్నీ నీటుగా మడిచి నా మంచం మీద పెట్టింది. ఇది ఇంకెవరి చేతనైనా కుట్టించుకో అబ్బాయీ అంది. ఆ తరవాత పంతొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. మాట్లాడటం మానలేదు, నవ్వడం మానలేదు, నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుంది, మీ నాన్నకి అక్షరాలు దిద్దించింది. నా చొక్కా మాత్రం కుట్టలేదు. ఒక్క గుండీ కూడా. బజారులో దర్జీ దగ్గరికి వెళ్తే, ఇంట్లో అంత పనిమంతురాల్ని పెట్టుకుని నా దగ్గరికెందుకు బాబూ అనేవాడు ప్రతిసారీ. ఆవిడకి తీరిక లేదనేవాణ్ణి. నాకు ఆ ఏడాదే పర్మనెంటు అయింది. వాళ్ళు చెప్పి చేయించారో, వరసలో వచ్చిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. అది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

మరుసటి ఏడాది వాళ్ళ నాన్న వచ్చాడు. ఆ పైలట్ వాళ్ళ నాన్న. సన్నగా, పొడుగ్గా, చేతి వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడట ముప్పై ఏళ్ళు. చేతిలో విచారణ రిపోర్టు, అదీ మొత్తం ఇవ్వలేదట, ఒక్క కాగితం ఇచ్చారు. అందులో ఒక వాక్యం చూపించాడు, సకాలంలో నిర్ణయం తీసుకోలేకపోవడం వలన అని. ఆయన అన్న మాట నాకు గుర్తుంది. నా జీవితంలో ఎన్ని అబద్ధాలు అచ్చుకి పేర్చానో నాకు తెలియదమ్మా, పేర్చేవాడు చదవడు, కానీ ఇది నా కొడుకు మీద పేర్చారు అన్నాడు. వదిన ముందు అతని మాటలు చెప్పింది, ఉన్నవి ఉన్నట్టు, ఒక్కటి కలపకుండా. టైముకే బయటికొచ్చానన్నాడు, మీకు చెప్పమన్నాడు అంది. ఆయన తలూపాడు. ఏడవలేదు. తరవాత ఆవిడ లేచి మిషను దగ్గరికి పిలిచింది. పట్టీ ముక్కలు నాలుగు తీసుకుని రెండు మంచి దారంతో కుట్టింది. అటక మీద ఎప్పటిదో ఎండిపోయిన ఉండ ఉంటే దింపి మిగతా రెండూ దాంతో కుట్టింది. లాగండి అంది. మొదటి జత ఎంత లాగినా రాలేదు. రెండోది పుటపుటమని విడిపోయింది. చూడండి అంది, బలంగా లాగినందుకు తెగితే గుడ్డ కూడా చిరుగుతుంది, కన్నాలు సాగుతాయి, దారం కుళ్ళితే కన్నాలు ఇలా గుండ్రంగానే ఉంటాయి. అప్పుడు సంచిలోంచి ఆ జానెడు ముక్క తీసి పక్కన పెట్టింది. రెండింటికీ తేడా లేదు. ఆయన ఆ కుళ్ళిన దారం పట్టీ చేతిలో పట్టుకుని, మిగిలిన కుట్లు కూడా ఒక్కొక్కటే లాగుతూ కూర్చున్నాడు, ఒక్కటి కూడా మిగలనిదాకా. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన నన్ను చూసి, మీరూ అక్కడున్నారా బాబూ అని అడిగాడు. వదిన మిషను తుడుచుకుంటోంది, తలెత్తలేదు. చెప్పేది నేనే చెప్పాలి. ఆఫీసులో పనుందండీ అని చెప్పులేసుకుని వచ్చేశాను. ఆ రోజు ఆఫీసుకి సెలవు.

ఆ ముక్క ఆయనకిచ్చేసింది వదిన. ఆయన దాన్ని అర్జీకి జతచేసి పంపాడు. తరవాత ఏడాదికోసారి కార్డు వచ్చేది. చిన్న చిన్న అక్షరాలు, గీత గీసినట్టు తిన్నగా. ఇంకా జవాబు రాలేదమ్మా. జవాబు వచ్చిందమ్మా, పునఃపరిశీలనకు తగిన ఆధారాలు లేవన్నారు, మళ్ళీ రాశాను. ఇలాగ పదకొండు కార్డులు. పన్నెండో ఏడు రాలేదు. వదిన ఆ ఏడంతా పోస్టుమాన్ చేతుల వైపు చూస్తూ ఉండేది. ఆ తరవాతి ఏడు చూడటం మానేసింది. ఆయన పోయాడని తరవాత ఎవరో రాశారు.

చివర్లో వదిన మంచాన పడింది. గుండె నీరసించిందన్నారు. ముందు గదిలోనే, మిషను పక్కనే మంచం వేయించుకుంది. అప్పుడొకాయన వచ్చాడు మా ఇల్లు వెతుక్కుంటూ. స్థావరంలో స్టోర్లో పనిచేసి రిటైరయ్యాడట. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఒక అర్జీతో పాటు పట్టీ ముక్క ఒకటి వచ్చిందమ్మా అన్నాడు, పైవాళ్ళు దాన్ని చూసి, స్టోర్లో ఉన్న ఆ రకం పట్టీలన్నీ దింపించి మమ్మల్ని లాగి చూపించమన్నారు. పది లాగితే ఆరు ఊడాయట. ఆరు. ఎప్పుడో పాతబడి పక్కన పెట్టాల్సినవి వాడుతున్నారట. నెల తిరక్కుండా అన్ని స్థావరాల్లోనూ తీయించేసి కొత్తవి వేయించారట. ఆ తరవాత ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ఆ కొత్త పట్టీలతోనే దూకి బతికారట. ఆ నెల్లోనే, వింటున్నావా, ఆ నెల్లోనే ఆ తండ్రికి ఆధారాలు లేవని ఉత్తరం పంపారు. ఆ ఉత్తరం కాపీ, పట్టీలు మార్చమన్న ఆర్డరు, రెండూ ఒకే ఫైల్లో ఒకదాని వెనక ఒకటి కట్టి ఉన్నాయట, ఈయన కళ్ళారా చూశాడు. పట్టీలు మార్చారు, కాగితం మార్చలేదు. కాగితం మారిస్తే ఎవడో ఒకడు పైనున్నవాడు జవాబు చెప్పాలి కదా. పోయినవాడైతే అడగడు. ఆ ముసలాయన పదకొండేళ్ళు రాసి రాసి తన కొడుకు తప్పు చేశాడనే కాగితం తల కింద పెట్టుకుని చచ్చిపోయాడు. వీళ్ళకి కడుపుకి అన్నమెలా దిగిందో నాకు తెలియదు.

వదిన అంతా విన్నది. కొత్తవాటికి ఎన్ని వరసలు వేశారు అని అడిగింది. మూడమ్మా, మధ్యలో అడ్డంగా కూడా వేశారు అన్నాడు. మంచిది అంది. కాసేపు ఊపిరి తీసుకుని, ఇప్పుడు మీరు చెప్పింది రాసి సంతకం పెట్టి ఇస్తారా బాబూ అంది. ఆయన నేల వైపు చూశాడు. పెన్షనన్నాడు, కూతురి ఉద్యోగం కూడా అక్కడే అన్నాడు, మనసులో బరువు దింపుకుందామని వచ్చానన్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. లేచి నిలబడి అరిచాను. బరువు దింపుకోవడానికి మా ఇల్లే దొరికిందా, మీకు సిగ్గులేదా, అంతా తెలిసి ఇన్నేళ్ళు నోరు మూసుకున్నారా, మీరు మనిషేనా, ఇంకా ఏవేవో అన్నాను. వీధిలో వాళ్ళు గుమ్మం దగ్గరికొచ్చారు. వదిన చెయ్యెత్తింది. ఎత్తడానికి కూడా ఓపిక లేదు, అయినా ఎత్తింది. మెల్లగానే అంది, ఆయనకి వినపడిందో లేదో గానీ నాకు వినపడింది.

"ఆయన్నేమీ అనకు అబ్బాయీ. ఆయనకీ ఇల్లుంది. ఆ రోజు నీకూ ఉందిగా."

...

ఆ కిటికీ తలుపు వేసెయ్యమ్మా. ఎండ కంట్లో పడుతోంది.